కరెంటు పోతే సోలారూ ఆగుతుంది!

కల్లూరు: మిద్దె మీద సోలార్ పలకలు వేయించుకుంటే ఇక కరెంటు కోతల బెడద ఉండదని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. లైనుకు కలిపే మామూలు సోలార్ ఇన్వర్టరు, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు.

ఇది యంత్రం లోపం కాదు, కావాలని పెట్టిన కట్టడి. లైన్‌మన్ ఎల్‌సి తీసుకుని స్తంభం ఎక్కిన వేళ, ఏదో ఒక మిద్దె మీది కరెంటు వెనక్కు లైనులోకి పోయిందనుకోండి. వీధి ట్రాన్స్‌ఫార్మరు దాటేసరికి అదే 11 వేల వోల్టులవుతుంది. ఇక ఆ మనిషి ప్రాణానికి పూచీ ఎవరు? అందుకే లైను పోయిన రెండు సెకన్లలోపే ఈ ఇన్వర్టర్లు తప్పుకునేలా తయారు చేస్తారు.

పలకలు ఇచ్చేది బ్యాటరీలో ఉండే రకం కరెంటు. దాన్ని 230 వోల్టుల ఇంటి కరెంటుగా మార్చి, లైనుతో అడుగు కలిపి నడిపించడం ఇన్వర్టరు పని. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి నిలిస్తే రెండోదీ నిలిచినట్టే ఇదీ.

కోత సమయంలోనూ దీపాలు వెలగాలంటే హైబ్రిడ్ రకం, దాంతోపాటు బ్యాటరీలు కావాలి. లైను పోగానే అది ఇంటిని లైనునుంచి విడదీసి బ్యాటరీపై నడుపుతుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ పెట్టారు గానీ, అది పలకల లెక్కపైనే. బ్యాటరీకి వేరుగా ఏమీ లేదు. ఏ గదిలో ఎన్ని దీపాలు ఎంతసేపు వెలుగుతాయో డబ్బు కట్టకముందే అమ్మేవారితో కాగితంపై రాయించుకోవడం మేలు.

నీడ సంగతీ చూసుకోవాలి. వరుసగా కలిపిన పలకలకు ఒకే ఇన్వర్టరు పెడితే, ఒక పలకపై వేపచెట్టు నీడ పడినా వరుస మొత్తం దిగుబడి తగ్గుతుంది. పలకకొకటి చొప్పున బిగించే చిన్న ఇన్వర్టర్లతో ఈ చిక్కు లేదు. కానీ ధర ఎక్కువ, చెడిపోతే పలక ఎత్తి చూడాలి. నీడ లేని మిద్దెకు అవి దండగే.

2017లో పూర్తయిన గని-శకునాల సోలార్ పార్కు సంగతి వేరు. దాని సామర్థ్యం వెయ్యి మెగావాట్లు. అంత కరెంటు ఒక్కసారిగా తప్పుకుంటే గ్రిడ్డే తడబడుతుంది. కాబట్టి 33 కిలోవోల్టులు, ఆపై లైన్లకు కలిసే కేంద్రాలు, వోల్టేజి క్షణకాలం పడిపోయినా తట్టుకుని నిలవాలని నిబంధన. ఇంటిదేమో వెంటనే వదిలేయాలి, పార్కుదేమో పట్టుకుని ఉండాలి!

ఏ రకమైనా వేడికి ఇన్వర్టరు ఉత్పత్తి తగ్గించుకుంటుంది. మన ఎండలకు దాన్ని పడమటి గోడకు బిగించకుండా, గాలి ఆడే నీడపట్టున పెట్టించుకోవాలి.