లైనక్స్‌లో ఎడిటర్ బిగుసుకుపోయిందా? వెంటనే మూసేయకండి

గంటసేపు కూర్చొని టైప్ చేసిన వార్త, ఇంకా సేవ్ చేయలేదు. ఇంతలో కర్సర్ కదలడం మానేసింది. చాలామంది చేసే మొదటి పని పవర్ బటన్ నొక్కడం, లేదంటే తెరపై వచ్చే "ఫోర్స్ క్విట్" మీద క్లిక్ చేయడం. అసలు నష్టం జరిగేది అక్కడే. ఎడిటర్ ప్రాసెస్ బతికి ఉన్నంతసేపు మీరు రాసిన అక్షరాలు కంప్యూటర్ మెమరీలో అలాగే ఉంటాయి.

ముందు, నిజంగా హ్యాంగ్ అయిందా లేదా చూడాలి. టెర్మినల్‌లో విమ్ పాత వెర్షన్లు వాడేవారు అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కేస్తారు. చాలా టెర్మినళ్లలో అది సేవ్ కాదు, తెరను ఆపేసే పాత సంకేతం. కంట్రోల్ క్యూ నొక్కితే అంతా మళ్లీ కదులుతుంది. పొరపాటున కంట్రోల్ జెడ్ నొక్కితే ఎడిటర్ వెనక్కి వెళ్లిపోతుంది. ఎఫ్‌జీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే తిరిగి వస్తుంది.

మొత్తం తెరే స్తంభించిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి తెర మీద లాగిన్ అడుగుతుంది. అక్కడ టాప్ కమాండ్ ఇస్తే ఏ ప్రోగ్రామ్ ఎంత మెమరీ తింటోందో కనిపిస్తుంది. చాలాసార్లు తప్పు ఎడిటర్‌ది కానే కాదు, ఇరవై ట్యాబులు తెరిచిన బ్రౌజర్‌ది. దాన్ని ఆపితే ఎడిటర్ ఊపిరి పీల్చుకుంటుంది. ఎడిటర్ వరుసలో స్థితి దగ్గర డీ అక్షరం అలాగే నిలిచి ఉంటే, అది డిస్కు కోసమో, పెన్‌డ్రైవ్ కోసమో, నెట్‌వర్క్ ఫోల్డర్ కోసమో ఎదురుచూస్తోందని అర్థం. అప్పుడు ఏ కిల్ కమాండూ పని చేయదు, ఆగాల్సిందే.

ఆపక తప్పదనుకుంటే కిల్ మైనస్ 9 జోలికి వెళ్లొద్దు. అది ప్రోగ్రామ్‌కు చివరి మాట చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వదు. మామూలు కిల్, అంటే 15వ నంబర్ సంకేతం పంపితే నానో తన దగ్గరున్న పాఠాన్ని ఫైల్ పేరు చివర "డాట్ సేవ్" చేర్చి భద్రపరుస్తుంది. ఈమాక్స్ పేరుకు రెండు వైపులా హ్యాష్ గుర్తు పెట్టి ఫైల్ దాస్తుంది.

విమ్ పద్ధతి ఇంకా నమ్మకమైనది. 200 అక్షరాలు టైప్ చేసినా, 4 సెకన్లు చేతులు ఆపినా, మార్పులను అదే ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే స్వాప్ ఫైల్‌లోకి ఎక్కిస్తుంది. ముందు ఆ స్వాప్ ఫైల్‌కు ఒక కాపీ తీసుకోండి. తర్వాత విమ్ మైనస్ చిన్న ఆర్, పక్కన ఫైల్ పేరు ఇచ్చి తెరవండి. వచ్చిన పాఠాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, సరిచూసుకున్నాకే స్వాప్‌ను తీసేయండి. తెరవగానే అడిగే ప్రశ్నకు కంగారులో డీ నొక్కితే మాత్రం స్వాప్ చెరిగిపోతుంది. కేట్ ఎడిటర్‌కూ ఇలాంటి దాపుడు ఫైలే ఉంటుంది, తిరిగి తెరిచినప్పుడు అదే అడుగుతుంది.

జీఎడిట్ లాంటి వాటిలో పేరే పెట్టని కొత్త ఫైల్ అయితే? ఇక మెమరీయే దిక్కు. జీడీబీ ప్యాకేజీలోని జీకోర్‌ను సూడోతో నడిపి, పక్కన ఎడిటర్ ప్రాసెస్ నంబర్ ఇవ్వాలి. ఎడిటర్‌ను చంపకుండానే దాని మెమరీ మొత్తం ఒక ఫైల్‌గా దిగుతుంది. వందల ఎంబీలు ఉండొచ్చు, డిస్కులో ఖాళీ చూసుకోండి.

తెలుగు, ఉర్దూ రాసేవారికి చిక్కు ఇక్కడే. ఇలాంటి ఫైల్ నుంచి అక్షరాలు తీయడానికి అందరూ చెప్పే స్ట్రింగ్స్ కమాండ్ మామూలుగా ఇంగ్లిష్ అక్షరాలనే చూపిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు, ఉర్దూది 2 బైట్లు. స్ట్రింగ్స్ వాటిని చెత్త కింద వదిలేస్తుంది. "ఏమీ దొరకలేదు" అని ఆశ వదులుకునేది అందుకే. గ్రెప్ మైనస్ చిన్న ఏ వాడి, మీ వ్యాసంలో తప్పక ఉన్న అరుదైన మాట, ఊరి పేరో మనిషి పేరో, ఇచ్చి వెతకండి. ముందూ వెనకా కొన్ని పంక్తులు కూడా రప్పించి వేరే ఫైల్‌లోకి మళ్లించండి. పాఠం ముక్కలు ముక్కలుగా, కొన్ని వాక్యాలు రెండుసార్లు వస్తాయి. కూర్చుకోవడానికి ఓపిక కావాలి గానీ, మళ్లీ మొదటి నుంచి రాయడం కంటే నయం.

పని అయ్యాక ఆ మెమరీ ఫైల్‌ను చెరిపేయండి, ఎవరికీ పంపొద్దు. మీరు ఎడిటర్‌లో అతికించిన పాస్‌వర్డ్‌లు, ఫోన్ నంబర్లు కూడా అందులో ఉండవచ్చు.