అద్దె కారులో టూర్‌కు వెళ్తున్నారా? టోల్ గేట్ దగ్గర ఎక్కువ కట్టకుండా ఇవి చూసుకోండి!

సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకునేటప్పుడు గీతలు, సొట్టలన్నీ వీడియో తీస్తాం. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఎంతుందో మాత్రం అడగం. అసలు చిక్కు అక్కడే!

ట్యాగ్ ఉండేది కారు ఓనర్ పేరు మీద. టోల్ కట్ అయిన మెసేజ్ కూడా వాళ్ల నంబర్‌కే పోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎక్కితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు.. ఇలా వరుసగా ప్లాజాలు. ఎక్కడ బ్యాలెన్స్ అయిపోయినా ఆగాల్సింది మీరే.

అప్పుడు ఎంత కట్టాలి? 2025 నవంబర్ 15 నుంచి రూల్ మారింది. ఫాస్టాగ్ పనిచేయకపోతే యూపీఐకి 1.25 రెట్లు. అంటే 100 రూపాయల టోల్‌కు ఫోన్‌తో 125.

అంతదాకా ఎందుకు? ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లో ట్యాగ్ ఇచ్చిన బ్యాంక్‌ను సెలెక్ట్ చేసి, కారు నంబర్ కొడితే ఎవరైనా రీఛార్జ్ చేయొచ్చు. కానీ మిగిలిన డబ్బు ఓనర్ ట్యాగ్‌లోనే ఉండిపోతుంది. తిరిగిస్తారో లేదో ముందే వాట్సాప్‌లో అడిగి పెట్టుకోండి. కేవైసీ లేక ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌లో పడితే రీఛార్జ్ చేసినా లాభం లేదు, ఓనరే సరిచేయించాలి.

యాన్యువల్ పాస్ సంగతంటారా? అది సొంత కార్లకే. నల్ల ప్లేటుపై పసుపు అక్షరాలుండే అద్దె కార్లకు వర్తించదు.

టోల్ పేరుతో డిపాజిట్‌లో కోత పెడితే ఊరుకోకండి. ట్యాగ్ స్టేట్‌మెంట్ చూపించమనండి. ఏ ప్లాజాలో, ఏ టైమ్‌కి, ఎంత కట్ అయిందో అందులో ఉంటుంది.