ఏసీసీఏ సొంతంగా చదివే పిల్లలు ఏ దేశం పేపర్ ఎంచుకోవాలి?

ఎంఈసీ, సీఈసీ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్య సీఏతో పాటు ఏసీసీఏ గురించి కూడా అడుగుతున్నారు. కోచింగ్ కోసం పిల్లల్ని హైదరాబాద్ పంపడం ఇష్టం లేక, ఇంట్లోనే చదివిద్దామని అనుకునేవారూ ఉన్నారు. అలా చదివించవచ్చు. కానీ పుస్తకాలు కొనే ముందే ఒక విషయం తేల్చుకోవాలి. ఏసీసీఏలో కొన్ని పేపర్లు దేశాన్ని బట్టి మారతాయి. వాటిని 'వేరియంట్' అంటారు. ఒక వేరియంట్ పుస్తకం చదివి మరో వేరియంట్ పరీక్ష రాస్తే ఫీజు, సమయం రెండూ నష్టమే.

ఎందుకు మారతాయో మన ప్రాంతంలోనే చూడవచ్చు. భద్రాచలంలోని సిమెంటు వ్యాపారి ఊళ్లోని ఇంటికి లోడు పంపితే బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు వరుసలు ఉంటాయి. అదే లోడు పక్కనే ఉన్న ఎటపాకకు పంపితే ఐజీఎస్టీ అని ఒకటే వరుస. 2014లో ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో కలవడమే దీనికి కారణం. బస్తా కొన్న ధర, లారీ కిరాయి, మిగిలిన లాభం లెక్కలో మాత్రం తేడా లేదు. అకౌంటెన్సీ పరీక్షల తీరు కూడా ఇంతే. లెక్క ఎక్కడైనా లెక్కే. పన్ను, చట్టం మాత్రం సరిహద్దు దాటితే మారతాయి.

ఏసీసీఏలో మొత్తం 13 పేపర్లు. కాస్టింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ లాంటి వాటిలో ఈ ఎంపిక లేదు. పై స్థాయి రిపోర్టింగ్ పేపర్‌లో ఇంటర్నేషనల్, యూకే అని రెండు రకాలు ఉన్నా, మన పిల్లలకు ఇంటర్నేషనల్ తీసుకోమనే చెబుతాం. మన పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ ప్రమాణాలను కూడా ఆ అంతర్జాతీయ ప్రమాణాలను అనుసరించే తయారుచేశారు. అసలు ఆలోచించాల్సింది రెండు పేపర్ల గురించే. ఒకటి లా, అంటే ఎల్‌డబ్ల్యూ. రెండోది టాక్సేషన్, అంటే టీఎక్స్.

ముందుగా లా. మన పిల్లలకు పనికొచ్చేవి ఇంగ్లండ్ వేరియంట్, గ్లోబల్ వేరియంట్. కంపెనీల ఏర్పాటు, వాటాలు, డైరెక్టర్ల బాధ్యతలు, దివాలా రెండింటిలోనూ ఉంటాయి. మిగతా భాగంలోనే తేడా. ఇంగ్లండ్ వేరియంట్‌లో అక్కడి కోర్టుల వ్యవస్థ, కాంట్రాక్టులు, ఉద్యోగ చట్టం, వాటికి సంబంధించిన కేసులు చదవాలి. పేరు చూసి భయపడనక్కర్లేదు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టానికి మూలం ఇంగ్లిష్ న్యాయ సూత్రాలే. సీఏ ఫౌండేషన్‌లో బిజినెస్ లాస్ చదివిన పిల్లలకు ఆఫర్, యాక్సెప్టెన్స్, కన్సిడరేషన్ కొత్తగా అనిపించవు.

గ్లోబల్ వేరియంట్‌లో అంతర్జాతీయ వ్యాపారం ఎక్కువ. సరుకుల అమ్మకంపై 1980 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం, బిల్ ఆఫ్ లేడింగ్, లెటర్ ఆఫ్ క్రెడిట్ లాంటివి వస్తాయి. ఆ ఒప్పందంలో భారతదేశం చేరలేదన్నది నిజమే. అయినా ఖమ్మం నుంచి మిర్చి, గ్రానైట్ ఎగుమతి చేసే కుటుంబాల పిల్లలకు ఈ మాటలు ఇంట్లో వినేవే. వాళ్లకు, బహుళజాతి సంస్థల హైదరాబాద్ ఆఫీసుల్లో ఉద్యోగం చేయాలనుకునే వాళ్లకు గ్లోబల్ బాగుంటుంది. బ్రిటన్ వెళ్లాలనుకుంటే, లేదా సీఏ కూడా పక్కనే చదువుతుంటే ఇంగ్లండ్ మేలు. 'ఏది సులువు' అని పిల్లలు స్నేహితుల్ని అడుగుతారు. మీరు 'ఎక్కడ పని చేస్తావు' అని అడగండి. బ్రిటన్‌లో ఆడిట్ లైసెన్సు కావాలనుకుంటే అక్కడి చట్టం, పన్ను పేపర్లు పాసై ఉండటం ముఖ్యం.

ఇక టాక్స్. ఇందులో మలేషియా, సింగపూర్ లాంటి దేశాలకు వేరియంట్లు ఉన్నాయి గానీ, భారతదేశానికి లేదు. మన పిల్లలు సాధారణంగా యూకే టాక్సే రాస్తారు. ఇంట్లో చదివేవారికి అదే క్షేమం. కప్లాన్, బీపీపీ పుస్తకాలు, మాదిరి ప్రశ్నలు దానికే ఎక్కువగా దొరుకుతాయి. చిన్న వేరియంట్ తీసుకుంటే సందేహం వచ్చినప్పుడు అడగడానికి మనిషి కూడా దొరకడు.

ఈ పేపర్‌లో సీనియర్ల దగ్గర పాత పుస్తకం తీసుకోవద్దు. జూన్ నుంచి మరుసటి మార్చి వరకు జరిగే పరీక్షలకు అంతకు ముందు ఏడాది ఫైనాన్స్ యాక్ట్ వర్తిస్తుంది. 2026 జూన్ నుంచి 2027 మార్చి వరకు రాసేవారికి బ్రిటన్ ఫైనాన్స్ యాక్ట్ 2025 అన్నమాట. అట్ట మీద ఆ నెలలు ఉన్నాయో లేదో చూసి కొనండి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలైతే వాళ్లది ఏప్రిల్ 6న మొదలవుతుంది. పిల్లలు తరచుగా తడబడేది ఇలాంటి చోటే.

యూకే టాక్స్ పాసైనంత మాత్రాన మన జీఎస్టీ రిటర్నులు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఆదాయపు పన్ను చట్టం రావు. అవి విడిగా నేర్చుకోవాల్సిందే. ఏసీసీఏ పూర్తి చేసినా మన దేశంలో ఆడిట్ రిపోర్టు మీద సంతకం చేసే హక్కు ఉండదు. ఆ హక్కు 1949 నాటి చట్టం కింద చార్టర్డ్ అకౌంటెంట్లది. మీ అమ్మాయి కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో సొంతంగా ఆఫీసు పెట్టాలనుకుంటే ఏ వేరియంటూ ఆ అవసరం తీర్చదు. ముందు సీఏ వైపు చూడండి. అందులో దేశాల వేరియంట్లు లేవు, ఎంచుకోవాల్సింది ఇంగ్లిష్ లేదా హిందీ మాధ్యమం మాత్రమే. ఐసీఏఐ తన స్టడీ మెటీరియల్‌ను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇస్తుంది. సీఏ ఫైనల్ అయ్యాక ఏసీసీఏకి వస్తే తొమ్మిది పేపర్ల మినహాయింపు దొరుకుతుంది. అప్పుడు ఈ లా, టాక్స్ పేపర్లు రాయనక్కర్లేదు. బీకాం చేసినవారికీ కొన్ని మినహాయింపులు ఉంటాయి కాబట్టి, లా పేపర్ అసలు రాయాలో లేదో తెలిశాకే పుస్తకం కొనండి.

ఇంగ్లండ్, గ్లోబల్ లా పేపర్లను వీలైన రోజున బుక్ చేసుకోవచ్చు. టాక్స్ మాత్రం మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లోనే. ఇంటి నుంచి రాసే పద్ధతిని 2026 మార్చి నుంచి ప్రత్యేక పరిస్థితులకే పరిమితం చేస్తున్నారు కాబట్టి, భద్రాచలం పిల్లలు 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ సెంటర్‌కు వెళ్లాల్సి రావచ్చు. ముందు రోజే చేరేలా టికెట్లు చూసుకోండి. బుకింగ్ పేజీలో డబ్బు కట్టే ముందు ఎల్‌డబ్ల్యూ పక్కన ఉన్న మూడు అక్షరాలు, పుస్తకం అట్ట మీద ఉన్నవి ఒకటేనా అని మీరూ ఒకసారి చూడండి.