ఎడమ చెయ్యి ఆగిన చోటే కుడి చెయ్యీ ఆగాలి

బెంచ్ ప్రెస్‌లో రాడ్‌ను పైకి నెడుతుంటే ఒక కొస ముందు లేచి రెండోది వెనకబడటం, స్క్వాట్‌లో లేచేటప్పుడు నడుము ఒక పక్కకు జరగడం జిమ్‌కు వెళ్లేవాళ్లలో చాలామందికి తెలిసినవే. అడిగితే రెండు సలహాలు దొరుకుతాయి. 'అందరికీ ఉండేదే, రాడ్ ఎత్తుతూ ఉంటే అదే సర్దుకుంటుంది' అని ఒకటి. 'బలం తక్కువున్న చేతికి రెట్టింపు సెట్లు వెయ్యి' అని ఇంకొకటి. రెండిట్లోనూ సగమే నిజం ఉంది. తేడా సహజమే. కానీ రెండు చేతులతో కలిపి చేసే వ్యాయామం ఆ తేడాను తగ్గించడం కన్నా కప్పిపెట్టడమే ఎక్కువ. పెద్ద తేడా తగ్గాలంటే ఒక్కో పక్కకు విడిగా పని చెప్పాలి. ఆ పని ఎంతన్నది బలం తక్కువున్న పక్కే తేల్చాలి.

మన శరీరంలో కుడి ఎడమలు అచ్చంగా ఒకేలా ఉండవు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిది కుడిచేతి వాటం. వాడకం చివరికి ఎముకనే మార్చేస్తుంది: 1977లో వెలువడిన ఒక పరిశోధనలో, మగ టెన్నిస్ ఆటగాళ్ల రాకెట్ పట్టే చేతిలో, భుజానికీ మోచేతికీ మధ్య ఉన్న ఎముక గోడ రెండో చేతికన్నా సుమారు 35 శాతం మందంగా కనిపించింది. పోటీ లిఫ్టర్లలోనూ ఎక్కువమంది జర్క్‌లో, అంటే రాడ్‌ను భుజాల నుంచి తలపైకి ఎత్తేటప్పుడు, ఏళ్ల తరబడి ఒకే కాలు ముందుకు వేస్తారు. కాబట్టి నాలుగైదు శాతం తేడాకు బెంగపడటం అనవసరం. మోకాలి ఆపరేషన్ తర్వాత, రెండో కాలి బలంలో కనీసం 90 శాతం వచ్చాకే క్రీడాకారుల్ని మైదానంలోకి పంపే పద్ధతి ఉంది. జిమ్‌కు వెళ్లే మామూలు మనిషికి అది శాసనం కాదు గానీ, పది శాతం దాటితే పట్టించుకోవాలనడానికి పనికొచ్చే గీటురాయి.

రాడ్ తేడాను కప్పిపెట్టడం ఎలాగంటే, కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి నీరసిస్తే రెండోది లాక్కుపోయినట్టు, బలమైన పక్క తన వాటాకు మించి మోస్తుంది. బరువు లేచింది కదా అని మనమూ ఊరుకుంటాం. ఒకప్పుడు పోటీలే ఒక్కో చేతి బలాన్ని విడిగా పరీక్షించేవి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లోని అయిదు లిఫ్టుల్లో రెండు ఒంటిచేత్తో ఎత్తేవే. 1928 నుంచి అవి లేవు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలెత్తి కాంస్యం గెలిచినవీ రెండు చేతుల లిఫ్టులే. పోటీకి అవి చాలు. సాధనకు మాత్రం డంబెల్ కావాలి.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒంటిచేత్తో డంబెల్ రోయింగ్, ఒంటిచేతి ప్రెస్, వెనక పాదాన్ని బెంచీ మీద పెట్టి ఒంటికాలిపై చేసే స్క్వాట్ వంటివి ఎంచుకుని, బలం తక్కువున్న పక్కతో మొదలుపెట్టాలి. భంగిమ చెడుతోందనగానే ఆపి, అదే బరువుతో అన్నేసార్లే రెండో పక్కతోనూ చేయాలి. ఎడమ చెయ్యి ఎనిమిదికి ఆగితే కుడి చెయ్యి పన్నెండు చేయగలిగినా ఎనిమిదికే ఆగాలి. ఎడమ చేతికి అదనపు సెట్లు అక్కర్లేదు. అదే బరువు దానికి శక్తి అంచుల దాకా పని, కుడి చేతికేమో తేలిక. తేడా పూడ్చేది ఇదే. రెట్టింపు పని పెడితే అసలే తక్కువ ఓర్చుకునే కీళ్లు, కండరాలు అలసిపోతాయి.

మరి బలమైన చెయ్యి నీరసించిపోదా? ఈ భయం సహజమే గానీ ఆధారాలు అటు లేవు. బలాన్ని నిలుపుకోవడానికి కావలసిన శ్రమ, దాన్ని సంపాదించడానికి పట్టినదానికన్నా చాలా తక్కువ. 2011లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో యువకులు నాలుగు నెలల సాధన తర్వాత దాన్ని తొమ్మిదో వంతుకు తగ్గించినా, సంపాదించిన బలాన్ని చాలావరకు నెలల తరబడి నిలుపుకున్నారు. పైగా 1894లోనే యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో తేలిన విషయం ఒకటుంది: ఒక చేతికి సాధన ఇస్తే ఏ పనీ చెప్పని రెండో చేతి బలమూ పెరుగుతుంది. తర్వాతి పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఆ పెరుగుదల సగటున 8 నుంచి 12 శాతం. కారణం ప్రధానంగా మెదడు, నరాలు నేర్చుకునే తీరే. చేతికి కట్టు వేసినప్పుడు రెండో చేతికి వ్యాయామం ఇవ్వడం వెనకున్న ఆలోచనా ఇదే. రాడ్ మానేయాల్సిన అవసరమూ లేదు, దాని ముందో వెనకో ఈ పని చేర్చుకుంటే చాలు.

అయితే ముందుగా అది నిజంగా బలంలో తేడాయేనా అని చూసుకోవాలి. ఒక చీలమండ బిగుసుకున్నా, పాదాలు సమంగా పెట్టకపోయినా, రాడ్‌ను మధ్యకు సరిగ్గా పట్టుకోకపోయినా అలాగే కనిపిస్తుంది. డెడ్‌లిఫ్ట్‌లో ఒక అరచెయ్యి ముందుకు, ఒకటి వెనక్కు పట్టేవాళ్లు చేతులు మార్చుకుంటూ ఉండాలి. ఒకటి రెండు సార్ల తేడాను ఒక్కరోజు చూసి నమ్మకూడదు, వేర్వేరు రోజుల్లో పరీక్షించుకోవాలి. ఇన్నాళ్లూ లేని బలహీనత ఉన్నట్టుండి వచ్చినా, చేతిలో తిమ్మిరి ఉన్నా, కండ సన్నబడుతున్నా అది మెడలోనో నడుములోనో నరం నొక్కుకుపోవడం కావచ్చు. అప్పుడు డంబెల్ పక్కనపెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.