పాతకాలం తిరిగొచ్చింది.. తండా పెట్టెలు ఖాళీ అవుతున్నాయి

మహబూబాబాద్: అమ్మమ్మ జాకెట్టును చూసి నవ్విన మనుమరాలే నేడు అదే నమూనాలో కుట్టించమని దర్జీని అడుగుతోంది. బుట్ట చేతులు, మోచేతి వరకు వచ్చే రవికలు, అడుగున వెడల్పుగా ఉండే ప్యాంట్లు మళ్లీ వాడుకలోకి వచ్చాయి. ఇందులో సినిమా పాత్ర తక్కువేమీ కాదు. సావిత్రి జీవితకథ ఆధారంగా 2018లో విడుదలైన ‘మహానటి’ 1950ల నాటి వస్త్రధారణను కళ్లకు కట్టి, ఉత్తమ వస్త్రాలంకరణకు జాతీయ పురస్కారం అందుకుంది. అదే ఏడాది వచ్చిన ‘రంగస్థలం’ 1980ల పల్లె లుంగీకి మళ్లీ మోజు తెచ్చింది. 1970లలో తెలుగు తెరను ఏలిన బెల్ బాటమ్ ప్యాంటు సంగతి చెప్పనవసరం లేదు. ఒక తరం విసుగెత్తి వదిలేసినది, దానిని తొడిగి ఎరుగని తరానికి కొత్తదవుతుంది.

అయితే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఫ్యాషన్ విపణికి చేరిన పాత వస్త్రం మరొకటి ఉంది. అది లంబాడీ మహిళల అద్దాల దుస్తులు. 1970లలో గోవాకు చేరిన హిప్పీలు అద్దాలు, గవ్వలు కుట్టిన సంచులను, చొక్కాలను ఇష్టపడ్డారు. అంజునా సంతలో లంబాడీ మహిళలు నేటికీ వాటిని విక్రయిస్తుంటారు. ఆ దశాబ్దపు వేషం తిరిగి వచ్చిన ప్రతిసారీ ఈ కుట్టుకు గిరాకీ వస్తోంది. ఇప్పుడు దానిని ‘బోహో’ అంటున్నారు. తండాలో దానికి వేరే పేరు అవసరం లేదు. పెద్దవయసు వారికి అది నిత్యం కట్టుకునే బట్టే.

అద్దం నిలిచేదిలా..

పేట్యా (లంగా), కాంచళి (రవిక), టుక్రీ (మేలిముసుగు) కలిస్తే ఒక జత. ముతక నూలు గుడ్డపై అద్దాలు, గవ్వలు, నాణేలు, పూసలు చేరుస్తారు. అద్దానికి రంధ్రం ఉండదు. బట్టపై ఉంచి ముందుగా దారంతో అడ్డంగా, నిలువుగా బంధిస్తారు. ఆ దారాలను ఆసరా చేసుకుని చుట్టూ అల్లుకుంటూ పోతే అద్దం చట్రంలో బిగిసినట్లు నిలుస్తుంది. జత పూర్తి కావడానికి నెలలు పడుతుంది. మోచేతి పైకి తొడిగే తెల్లని గాజులు పూర్వం ఏనుగు దంతంతో చేసేవారు. ఇప్పుడవి ప్లాస్టిక్‌వి.

బజారులో ‘బంజారా’ పేరుతో దొరికే సంచుల్లో చాలావరకు యంత్రం కుట్టినవే. తిరగేసి చూస్తే తేడా తెలిసిపోతుంది. యంత్రపు కుట్టు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. అద్దానికి బదులు మెరిసే ప్లాస్టిక్ బిళ్లను జిగురుతో అంటిస్తారు. చేతి కుట్టులో దారం అక్కడక్కడ దారి తప్పుతుంది. కొనేవారు దానిని లోపంగా భావించి బేరమాడటం విచిత్రం.

కట్టుకునే వారే కరవు

2011 లెక్కల ప్రకారం ప్రస్తుత మహబూబాబాద్ జిల్లా పరిధిలోని జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. వారిలో లంబాడీలే అధికం. అయినా యువతులు ఈ దుస్తులను తీజ్ పండుగకో, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికో మాత్రమే ధరిస్తున్నారు. వారిని తప్పుపట్టలేం. బరువైన జతతో మిర్చి ఏరడం, బస్సెక్కి కళాశాలకు వెళ్లడం సులభం కాదు. దీంతో తల్లి చేతి కుట్టు కుమార్తెకు అబ్బడం లేదు. మరోవైపు పాత పేట్యాలు వ్యాపారుల చేతికి చేరి, ముక్కలై, చేతిసంచులకు, దిండు గలేబులకు అతుకులుగా మారుతున్నాయి. అమ్మిన ఇంటికి దక్కేది పాతబట్టల ధర. ముక్కకు పట్టణంలో పలికేది ‘పురాతన వస్తువు’ ధర.

కర్ణాటకలోని సండూరులో పరిస్థితి కొంత మెరుగు. అక్కడి లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జీ-20 సాంస్కృతిక బృందం సమావేశం సందర్భంగా 450 మందికి పైగా మహిళలు రూపొందించిన 1,755 వస్తువులను ప్రదర్శించగా గిన్నిస్ రికార్డు లభించింది. కానీ ఆ గుర్తింపు సండూరు ప్రాంతానికే వర్తిస్తుంది. ఇక్కడి తండాల్లో కుట్టిన సంచికి ఆ పేరు పెట్టుకునే వీలు లేదు.

ఇంట్లో పాత జత ఉన్నవారు దానిని సబ్బు నీటిలో నానబెట్టరాదు. రంగు దిగుతుంది, నాణేలు చిలుము పడతాయి. నీడలో ఆరబెట్టి, ఎండిన వేపాకుతో పాటు నూలు గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. అమ్మక తప్పనప్పుడు ముందుగా కుట్టు వరుసలు స్పష్టంగా కనిపించేలా రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకుంటే, నేర్చుకోదలచిన వారికి నమూనా మిగులుతుంది.