పేరులో మొక్కు, పేరులో దిష్టి

కొల్లాపూర్ బస్టాండులో నిలబడి "శ్రీశైలం!" అని కేకేసి చూడండి. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లే కాదు, ఆ పేరుగల మనుషులూ తలతిప్పుతారు. పాలమూరు, నల్లగొండల్లో క్షేత్రమే మనిషి పేరైపోతుంది. యాదగిరి, తిరుపతి సంగతి అందరికీ తెలిసిందే. కృష్ణ ఒడ్డున ఆంజనేయుడు వెలసిన బీచుపల్లి పేరిట బీచుపల్లులున్నారు. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి వెంకన్నకు మొక్కుకుంటే కురుమూర్తి, కురుమయ్య, కురుమన్న. ఏరు దాటి కర్నూలు వైపు వెళితే మద్దిలేటి. పేరు చెబితే చాలు, ఆ ఇంటి మొక్కుబండి ఏ దిక్కుకు పోయిందో తెలుస్తుంది.

'పర్వతాలు' వచ్చాడంటే కొత్తవాళ్లు తికమకపడతారు. వచ్చింది ఒక్కడే! శ్రీశైలానికి శ్రీపర్వతమన్నది పాత పేరు. చివరి 'లు' బహువచనం కాదు, మర్యాద. రాములు, నర్సింహులు, ఆంజనేయులు అంతా ఆ వరసే.

సైదులు కూడా. కానీ ఇది గుడి పేరు కాదు. 'సయ్యద్' తెలుగు నాలుక మీద సైదు అయింది. ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో సైదులు, సైదమ్మ పుడతారు. సైదిరెడ్డి అనే పేరైతే సగం దర్గాది, సగం కులానిది. 2019లో హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచిన ఎమ్మెల్యే పేరు అదే.

ఇక పెంటయ్య. నవ్వకండి, ఈ పేరు వెనక ఏడుపుంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తరవాతి కాన్పు బిడ్డను తెచ్చి కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టేవాళ్లు. ఇంకొకామె ఎత్తుకొచ్చి తల్లి చేతికిచ్చేది. పారేసిన బిడ్డ కదా, చావు కూడా ముట్టదని నమ్మకం. ఎంగిలి విస్తరి మీద పొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. బిచ్చంగా దొరికాడనుకుంటే బిచ్చయ్య. ఉత్తరాంధ్రలో ఇదే భయానికి ఇంకో దారి: తవుడు ఇచ్చి బిడ్డను కొన్నట్టు నటించేవాళ్లు, తవిటయ్య, తవిటినాయుడు అలా వచ్చినవే. అన్నట్టు, కొల్లాపూర్ పక్కనే ఉన్న నల్లమలలో 'పెంట' అంటే చెత్త కాదు, చెంచుల గూడెం. అప్పాపూర్ పెంట అలాంటిదే.

ఇదంతా మనకే ప్రత్యేకం అనుకునేరు. కొరియాలో వెనకటికి పసివాళ్లను 'కెత్తొంగి' అని పిలిచేవాళ్లు. అంటే కుక్కపెంట! 1864లో గద్దెనెక్కిన గోజోంగ్ రాజుకూ చిన్నప్పటి పిలుపు అదేనని చెబుతారు. రాజవంశంలో పుట్టినా పెంటయ్య కాక తప్పలేదు.

తాత పేరు దగ్గర మాత్రం మనవీ వాళ్లవీ ఎదురెదురు దారులు. కొరియాలో పెద్దల పేరులోని అక్షరం పిల్లలకు రాకూడదు. రాజుల కాలంలో రాజు పేరులోని అక్షరమైతే ప్రజలెవరూ వాడకూడదు. అందుకే ప్రజలకు ఇబ్బంది లేకుండా, కొరియానేలిన చోసన్ వంశపు రాజులు ఎవరూ వాడని అక్షరం వెతికి మరీ పెట్టుకునేవాళ్లు. మన దగ్గర తాత పేరు మనవడికి రావాల్సిందే. చిక్కల్లా కోడలిది. మామ పేరు నోట పలకకూడదు, కొడుకును పిలవకుండా ఉండలేదు. అందుకే 'పెద్దయ్య' అనో 'తాతా' అనో పిలుస్తుంది. అల్లరి చేస్తే తిట్టడం కూడా అంత మర్యాదగానే!

కొరియాలో ఒకే తరం అన్నదమ్ముల పేర్లలో ఒక అక్షరం ఉమ్మడిగా ఉండటం ఆనవాయితీ. ఇటీవల చీనా అక్షరాలు వదిలి అచ్చ కొరియన్ మాటలూ పెడుతున్నారు: హానుల్ ఆకాశం, సరంగ్ ప్రేమ, ఇసుల్ మంచు బిందువు. 'గరమ్' అని కూడా ఒకటుంది. పాత కొరియన్‌లో నది. ఆ పేరుగల పిల్లాడు కొల్లాపూర్ వచ్చి తన పేరు చెబితే, సోమశిల వైపు తీసుకెళ్లి కృష్ణను చూపించేవాళ్లుండరు. చాయ్ తెచ్చిస్తారు.