కడలి అడుగున కాంతితీగ

ఇంటర్నెట్ అనగా ఆకాశమున సంచరించునదని మనలో పెక్కురు తలంతురు. చేతిలోని ఫోనునకు తీగ కానరాదు కావున అట్లు తలంచుట సహజమే. కాని ఖండమునుండి ఖండమునకు పోవు సమాచారము దాదాపు సమస్తమును సముద్రగర్భమున పరచిన కేబుళ్లలో, తలవెండ్రుకవలె సన్నని గాజుపోగుల వెంట, కాంతిరూపమున పయనించుచున్నది. లోతు సముద్రమున ఆ కేబులు తోటకు నీరుపెట్టు గొట్టముపాటి లావు మాత్రమే. తీరము సమీపించినకొలది దానికి ఉక్కుతీగల కవచము తొడిగి, అడుగున చాలు త్రవ్వి పూడ్చుదురు.

2008 జనవరి 30వ తేదీన ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా చేరువను రెండు కేబుళ్లు తెగగా, భారతదేశమునుండి పడమటికి పోవు మార్గ మిరుకై ఇంటర్నెట్ వేగము మందగించెను. రెండు దినములకే దుబాయి వద్ద మరియొకటి తెగుటతో, ఇది విద్రోహుల పనియేమోయన్న అనుమానము ప్రబలెను. తీరా ఆ దుబాయి కేబులును వెదకగా, అచట కనబడినది ఏ ఓడయో విడిచిపోయిన 5, 6 టన్నుల లంగరు. ఏటేట ప్రపంచమున సుమారు 150 నుండి 200 వరకు సంభవించు ఇట్టి భంగములలో అధికభాగమునకు లంగరులును, జాలరుల వలలును కారణములు. ద్రోహులకు కావలి పెట్టుట అవసరమే. అంతకుముందే పరాకునకు మందు వెదకవలెను.

ఈ సంగతిని తంతివార్తల కాలపు పెద్దలే గుర్తించిరి. 1884లో పారిస్ నగరమున కుదిరిన ఒడంబడిక, కేబులును బుద్ధిపూర్వకముగనో, అజాగ్రత్తచేతనో తెంపుట నేరమనుటతో ఆగక, కేబులునకు హాని కలుగకుండుటకై తన లంగరునో, వలనో వదలుకొన్నవానికి ఆ కేబులు యజమాని నష్టపరిహార మీయవలెనని విధించినది. వలయే జీవనాధారమైనవానిని దండనతో బెదరించి ఊరకుండక, వాని త్యాగమునకు విలువ కట్టిన ఈ నిబంధన నాకు మిక్కిలి న్యాయముగ తోచును.

ఎంత కాచినను తెగుట తప్పదు. అపుడు ఒడ్డుననున్న కేంద్రమునుండి కాంతిని పంపి, అది తెగినచోట తాకి మరలివచ్చు కాలమునుబట్టి దూరమును గణింతురు. మరమ్మతు ఓడవారు అచటికేగి, కొంకిని సముద్రపుటడుగున ఈడ్చి, తెగిన కొనలను పైకి లాగి, నడుమ క్రొత్త కేబులు చేర్చి, గాజుపోగులను ఒక్కొక్కటిగ కరగించి అతుకుదురు.

ఆ ఓడ వచ్చునందాక మరియొక మార్గము లేనివారి గతి టోంగా ద్వీపములయందు కనబడినది. 2022 జనవరి 15న సముద్రగర్భపు అగ్నిపర్వతము బ్రద్దలై, ఫిజీతో ఆ దేశమును కలుపు ఒకేయొక్క కేబులు తెగిపోగా, విదేశములనున్న టోంగావారు తమ తల్లిదండ్రులు బ్రతికియున్నారో లేదో యెరుగక దినములు గడపిరి. ప్రధానద్వీపమునకు సుమారు 5 వారములకు కేబులు బాగుపడినది. వెలుపలి దీవులకు పోవు కేబులు బాగుపడుటకు ఏడాదికి పైగా పట్టినది.